గుర్రపు డెక్కకు ఆకాశ పటము



కార్తీక మాసంలో, సార్వా వరి కోతకు వచ్చిన రోజుల్లో, తుఫాను వానకు చేను మునిగిందనుకోండి. అప్పుడు డెల్టా రైతు చూసేది ఆకాశం వంక కాదు, మురుగు కాలువ వంక. నీరు లాగుతున్నదా, లాగటం లేదా? లాగితే మూడు నాలుగు రోజులకు గట్లు తేలుతవి. పడిపోయిన చేనునైనా కోసి పనలు ఆరవేసుకోవచ్చు. లాగకపోతే కంకి మీదనే గింజ మొలకెత్తుతుంది. అయిదు నెలల సేద్యం ఆ వారం రోజుల మీద ఆధారపడి వుంటుంది.

నీరు లాగకపోవటానికి కారణాలు చాలా వున్నవి. నేల పల్లం, కాలువ పూడిక, సముద్రం పోటు. వీటిలో చాలా భాగం మన చేతిలో లేవు. మన చేతిలో వున్నది ఒకటి కలదు. అది కాలువ నిండా పచ్చగా పరచుకొని, వంతెన ఖానాల దగ్గర అడ్డంపడే గుర్రపు డెక్క. యీ పూట నేను చెప్పబోయేది దానిని పీకే విధానం కాదు, దానిని యెక్కడ పీకాలో తెలుసుకునే విధానం. యీ రెండింటికీ చాలా భేదం వున్నది. ఆ భేదం నాకు ఆలస్యంగా తెలిసింది.

కొన్నేళ్ల క్రిందట నేను కొల్లేటికి ఎగువన ఒక వూళ్లో పనిచేశాను. పేరు చెప్పను, ఆ వూరివారు యిది వింటూ వుండవచ్చు. వూరి దిగువన ఒక వంతెన వున్నది. మూడేళ్లు వరుసగా ఆ వంతెన దగ్గర డెక్క తీయించాము. యంత్రం తెప్పించి, తీసి, గట్టు మీద పోయించాము. ప్రతి యేడూ దీపావళి నాటికి మళ్లీ అదే చోట, అంతే మందాన చేరేది. మూడో యేడు యంత్రం పని చేస్తుంటే గట్టు మీద కూర్చున్న ఒక పెద్దాయన నన్ను పిలిచి, "ఏమండీ ఆఫీసరుగారూ, వాకిట్లో ఆకులు వూడుస్తున్నారు, బాగానే వుంది. అవి యే చెట్టువి రాలుతున్నాయో చూశారా?" అని అడిగాడు.

నేను చూడలేదు. చూడటం తేలిక కూడా కాదు. ఆ కాలువ పొడవు పదహారు కిలోమీటర్లు. రెండు పక్కలా చేపల చెరువులు, పాడుబడిన గుంటలు, పిల్ల కాలువలు. సగం దూరం గట్టు మీద తుమ్మ ముళ్లే. నడిచి చూద్దామంటే వారం పడుతుంది, వారంలో కనిపించేది సగమే.

గుర్రపు డెక్క మన మొక్క కాదని మీకు తెలుసు. దక్షిణ అమెరికాలో అమెజాను నది ప్రాంతం దీని పుట్టిల్లు. పువ్వు అందంగా వుందని తోటల కొలనుల్లో పెంచుకోవటానికి తెచ్చారు. పందొమ్మిదో శతాబ్దం చివర బెంగాలులో అడుగుపెట్టి, దేశమంతా పాకింది. దీని బలం దీని పెరుగుదలలో వున్నది. ఎండ, మురుగునీటి సారం సరిగా దొరికితే రెండు వారాల్లో రెట్టింపు అవుతుంది. లెక్క వేసి చూడండి. జూను నడుమ ఒక సెంటు డెక్క వున్నదనుకుందాం. నెలాఖరుకు రెండు సెంట్లు. జూలై నడుమకు నాలుగు. అట్లా పదహారు వారాలు, అనగా యెనిమిది రెట్టింపులు. అక్టోబరు మొదటి వారానికి 256 సెంట్లు, రెండున్నర యెకరాలు! అన్ని చోట్లా యిదే వేగం వుండదు లెండి. చోటు చాలకపోతే ఆగుతుంది, ప్రవాహం కొట్టుకుపోతుంది. కానీ జూనులో ఒక సెంటు తీయటానికి యిద్దరు మనుషులు ఒక పూట చాలు. అక్టోబరులో రెండున్నర యెకరాలకు యంత్రం కావాలి, లారీలు కావాలి, డబ్బు కావాలి.

కాబట్టి జూనులో ఆ ఒక్క సెంటు యెక్కడున్నదో తెలియాలి. అక్కడనే ఆకాశ చిత్రాల అవసరం వస్తుంది.

ఆకాశ చిత్రాలంటే మనకు సంబంధం లేని పెద్ద విద్య అనుకోవద్దు. మన దేశంలో యీ విద్య రైతు పనితోనే మొదలయినది. 1970 ప్రాంతంలో పిషారటీగారనే శాస్త్రవేత్త కేరళలో కొబ్బరికి వచ్చిన వేరు తెగులును కనిపెట్టడానికి హెలికాప్టరులో కెమెరా పెట్టి, కంటికి కనిపించని కాంతిని పట్టే ఫిల్ముతో తోటలను ఫొటోలు తీయించారు. తరువాత 1988 మార్చి 17న మన మొదటి భూ పరిశీలక ఉపగ్రహం ఐ.ఆర్.యస్.-1ఎ పైకి వెళ్లింది. ఆ పరంపర యిప్పటికీ సాగుతున్నది. హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రం యీ చిత్రాలను అందుకుని, సరిచేసి, అవసరమున్నవారికి యిస్తున్నది. యూరపు దేశాలవారి సెంటినెల్ ఉపగ్రహాల చిత్రాలను యెవరైనా, యెక్కడి నుంచైనా, రుసుము లేకుండా చూడవచ్చు.

యిక ఆ కంటికి కనిపించని కాంతి సంగతి. యీ ఒక్క ముక్క అర్థమయితే మిగిలినదంతా తేలిక.

ఆకు తన ఆహారం తయారుచేసుకోవటానికి సూర్యకాంతిలోని ఎరుపు భాగాన్ని చాలా వరకు మింగేస్తుంది. ఎరుపుకు అవతల పరారుణమనే కాంతి వున్నది, అది మన కంటికి ఆనదు. దానితో ఆకుకు పని లేదు. ఆకు లోపలి గుల్ల కణాలు దానిని తిరిగి పైకి విసిరికొడతవి. నీటి గుణం దీనికి విరుద్ధం. నీరు పరారుణాన్ని పూర్తిగా తాగేస్తుంది. అందువల్ల పరారుణం పట్టే కన్నుతో పై నుంచి చూస్తే నీరు నల్లగా, దాని మీద తేలే ఆకు ధగధగలాడుతూ కనిపిస్తుంది. ఆ వెలుగును మనం చూడగలిగేటందుకు చిత్రంలో దానికి ఎరుపు రంగు వేస్తారు. కనుక యీ మారు రంగుల చిత్రంలో పచ్చని చేలు ఎర్రగా, చెరువులు నల్లగా లేక ముదురు నీలంగా వుంటవి. మొదటిసారి చూసినవారు, "మా వూరికి నిప్పు అంటుకున్నట్టుందేమిటి?" అంటారు. కంగారు పడవద్దు, అది పచ్చదనమే.

దీనిని అంకెల్లోకి కూడా మార్చవచ్చు. పరారుణంలోంచి ఎరుపును తీసివేసి, ఆ రెండింటి మొత్తంతో భాగించాలి. ఉదాహరణకు, దట్టమైన డెక్క మీద నూటికి నాలుగు వంతుల ఎరుపు, నలభై నాలుగు వంతుల పరారుణం తిరిగి వచ్చాయనుకోండి. నలభైని నలభై యెనిమిదితో భాగిస్తే 0.83 వస్తుంది. తేట నీటి మీద ఎరుపు నాలుగు, పరారుణం రెండే వచ్చాయనుకోండి. సున్నకు దిగువన, మైనస్ 0.33 వస్తుంది. యీ అంకె పెరిగినకొద్దీ పచ్చదనం యెక్కువన్నమాట.

యిక్కడ ఒక మోసం వున్నది, సహాయకులు శ్రద్ధగా వినవలెను. సగం డెక్క, సగం నీరు వున్న చోట అంకె కూడా సగమే వస్తుందని మనం అనుకుంటాము. రాదు. పై లెక్కలోనే వేసి చూడండి. ఎరుపు నాలుగు, పరారుణం యిరవై మూడు. పందొమ్మిదిని యిరవై యేడుతో భాగిస్తే 0.70! అంటే సగం ఖాళీగా వున్న చోటు కూడా ఇంచుమించు నిండుగా వున్నట్టే కనిపిస్తుంది. యీ అంకెను నమ్మి యెకరాలు లెక్కగడితే డెక్క వున్నదానికన్నా యెక్కువ తేలుతుంది. తీత పనికి అంచనాలు వేసేవారు దీనిని మరచిపోతే ప్రజల డబ్బు నీళ్లపాలవుతుంది.

చిత్రం యెంత సన్నగా చూపుతుంది అన్నది తరువాతి ప్రశ్న. ఉపగ్రహ చిత్రం చదరంగపు బల్లవంటిది, గడులు గడులుగా వుంటుంది. ఒక్కొక్క గడికి ఒకే రంగు. ఆ గడి లోపల యేమున్నా కలిసిపోతుంది. పుస్తకాల్లో మీటర్లలో చెబుతారు గాని మనకు సెంట్లలో చెప్పుకుంటే బాగుంటుంది. 1988 నాటి ఐ.ఆర్.యస్.-1ఎ ముతక కెమెరాలో ఒక గడి అంటే యెకరం ముప్పై సెంట్లు. అమెరికావారి లాండ్‌శాట్ చిత్రంలో గడి యిరవై రెండు సెంట్లు. సెంటినెల్-2 చిత్రంలో రెండున్నర సెంట్లు. మన రిసోర్స్‌శాట్ ఉపగ్రహంలోని సన్న కెమెరాలో సెంటు కన్నా తక్కువే. ఒక యెకరం డెక్క వుంటే సెంటినెల్ చిత్రంలో నలభై గడులు నిండుతవి, స్పష్టంగా కనబడుతుంది. మీ పంట బోదెలో మూడు మీటర్ల వెడల్పున వున్న డెక్క అందులో కనబడదు, గట్టు గడ్డితో కలిసిపోతుంది. బోదెను కాళ్లతో నడిచి చూసుకోవలసినదే.

సన్నదనం ఒకటే చాలదు, తిరిగి తిరిగి చూడగలగాలి. సెంటినెల్-2 మన మీదుగా అయిదు రోజులకొకసారి పోతుంది. నా అనుభవంలో ఒక్క మంచి చిత్రం కన్నా పది నాసిరకం చిత్రాలు వేరు వేరు తేదీలవి వుంటే యెక్కువ ఉపయోగం. యెందుకంటే ఒక్క చిత్రంలో ఎర్రగా వున్నవన్నీ ఒకటే. వరి ఎరుపే, డెక్క ఎరుపే, తామర ఎరుపే, జమ్ము, కిక్కిస అన్నీ ఎరుపే. తేదీలు కలిపి చూస్తే దేని నడవడి దానిది. వరి మడి వూడ్పుల నాడు నీళ్లతో నల్లగా వుండి, క్రమంగా ఎర్రబడి, పండే నాటికి వెలవెలబోయి, కోత కాగానే మాయమవుతుంది. డెక్కకు కోత లేదు, నీరున్నంత కాలం ఎర్రగానే వుంటుంది. జమ్ము, కిక్కిస నేలలో వేళ్లూని వుంటవి గనుక వున్నచోటే వుంటవి. డెక్క తేలుతుంది. గాలి వాలును బట్టి యీ వారం తూర్పు గట్టున వున్న పొద, వచ్చే వారం పడమటి గట్టుకు చేరుతుంది. అయిదు రోజుల యెడంతో తీసిన రెండు చిత్రాల్లో ఎర్ర మచ్చ జరిగిందా, అది తేలే మొక్కే. చేపల చెరువుల్లో నీరు నాచుతో పచ్చబడినా కొంత ఎర్రదనం కనిపిస్తుంది గాని, ఆకు వున్నంత బలంగా వుండదు.

కొల్లేరు మాట చెప్పకుండా యీ ప్రసంగం పూర్తి కాదు. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ వున్న యీ మంచినీటి సరస్సుకు బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వంటి యేళ్ల నీరూ, డెల్టా మురుగు కాలువల నీరూ వచ్చి చేరుతుంది. బయటకు పోవటానికి వున్న దారి ఉప్పుటేరు. 1999లో 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. మన ఐ.ఆర్.యస్.-1డి ఉపగ్రహం 2001 ఫిబ్రవరి 9న తీసిన చిత్రాన్ని పరిశీలించినప్పుడు, 245 చదరపు కిలోమీటర్ల సరస్సు భాగంలో నూటికి 42 వంతులు చేపల చెరువులు, ఎనిమిదిన్నర వంతులు సేద్యం అని తేలింది. మిగిలినదానిలో పెద్ద గడ్డి, గుర్రపు డెక్క. తేట నీరు ఆ చిత్రంలో కనిపించలేదు. పిల్లనాడు దోనె మీద కొల్లేరు దాటినవారు యీ మాట చదివి యెట్లా నమ్ముతారు? కానీ చిత్రం ముందు వున్నది. 2006లో అభయారణ్యం లోపలి చేపల చెరువుల గట్లు కొట్టించారు. ఆ వివాదంలోకి నేను పోను. నాకు కావలసినది ఒక సంగతి. ఎగువ కాలువల్లో పెరిగిన డెక్క వరదకు కొట్టుకువచ్చి కొల్లేట్లో చేరుతుంది. అక్కడ ఉప్పుటేరు మొగ దగ్గర అడ్డంపడితే ఎగువ చేలలో నీరు లాగదు. ఎగువ వూరూ దిగువ వూరూ ఒకరినొకరు నిందించుకునే బదులు ఒకే పటం ముందు కూర్చోవచ్చు.

యీ పనిలో నాకు తల వంపు తెచ్చిన సంగతి ఒకటి చెప్పాలి. మా మొదటి పటం గదిలో కూర్చుని తయారుచేశాము. నీటి మీద యేడాది పొడుగునా ఎర్రగా వున్నదంతా డెక్క అని రాసుకున్నాము. పటంలో ఒక వూరి పక్క చెరువు నిండా ఎర్రగా వచ్చింది. అంచనా వేశాము, యంత్రం పంపాము. డ్రైవరు బకెట్టు దించబోతుండగా ఒక ఆమె గట్టు మీదికి పరుగున వచ్చి, "అయ్యగారూ, ఆపండి, ఆపండి! అవి తామరలయ్యా, నా పిల్లల అన్నం!" అని అడ్డం నిలబడ్డది. ఆమె ఆ చెరువు పువ్వులు గుడి దగ్గర, ఆకులు విస్తళ్లకు అమ్ముకుని బతుకుతున్నది. వెళ్లి చూస్తే నిజమే, ఒక్క డెక్క మొక్క లేదు. మరో పావుగంట ఆలస్యమయితే ఆ చెరువు పోయేదే. ఆకాశంలో నుంచి చూసిన కన్ను అబద్ధం చెప్పలేదు. అది "పచ్చ" అన్నది. "డెక్క" అన్నది మేము.

అప్పటి నుంచి నేల మీద చూడనిదే పటం బయటికి యివ్వను. సహాయకులకు యీ పని యెట్లా చేయాలో కొంచెం వివరంగా చెబుతాను, యెందుకంటే యిక్కడే పొరపాట్లు యెక్కువ జరుగుతవి.

మీ ఫోను మీరు నిలబడ్డ చోటును అక్షాంశ రేఖాంశాలతో చెబుతుంది. నాలుగైదు మీటర్లు అటూ యిటూ తేడా వుంటుంది. మీరు గట్టు మీద నిలబడి, ఎదుట నీళ్లలో వున్న డెక్కను చూస్తూ మీట నొక్కితే ఫోను రాసుకునేది గట్టు చోటు. గట్టు మీద గడ్డి వుంటుంది. రేపు లెక్కలో ఆ గడ్డి డెక్కగా చేరుతుంది, దానిని చూసి యంత్రం వూళ్లోని గట్లన్నీ డెక్కే అంటుంది! కనుక వీలయితే దోనె వేసుకుని పొద నడుమకు వెళ్లండి. వీలుకాకపోతే ఫోనులో ఉపగ్రహ పటం తెరచి, గట్టు నుంచి చూస్తూ నీటి మీద ఆ చోటును వేలితో గుర్తించండి. ముప్పై మీటర్లకన్నా వెడల్పున్న పొదలే తీసుకోండి, అప్పుడే మూడు గడులు నిండి నడిమి గడి స్వచ్ఛంగా వుంటుంది.

ఏ మొక్కో రాయండి. నీటి మీద యెంత మేర కప్పివున్నదో రాయండి. పూర్వం పంటను అణాల్లో అంచనా కట్టేవారు చూడండి, అట్లాగే పదహారు అణాలకు యెన్ని అణాల డెక్క అని రాస్తే సరిపోతుంది. పైన చెప్పిన సగం ఖాళీ మోసం అప్పుడు బయటపడుతుంది. తేదీ తప్పనిసరి. చిత్రం తీసిన రోజుకు అటూ యిటూ రెండు మూడు రోజుల్లో చూసినదే పనికివస్తుంది. నెల తరువాత చూసినది పనికిరాదు, తేలే మొక్క అక్కడే కూర్చుని మీకోసం యెదురుచూడదు గదా!

డెక్క కానివి కూడా అన్నే చోట్ల రాసుకురావాలి. తామర, కలువ, జమ్ము, కిక్కిస, నాచు పట్టిన చెరువు, నీటిలో వున్న వరి. తమకు డెక్క కావాలి గాని తామరతో యేం పని అనుకుంటారు కొందరు. తామర యెట్లా వుంటుందో చెప్పనిదే లెక్కకు తెలియదు. తెచ్చిన గుర్తుల్లో మూడో వంతు పక్కన పెట్టి, పటం తయారయ్యాక వాటితో సరిచూడండి. యిరవై గుర్తుల్లో పదిహేడు కలిస్తే మంచి పటమే. పది కలిస్తే ఆ పటాన్ని చుట్టి అటక మీద పెట్టండి.

రైతు సోదరులు యిక్కడ యేం చేయగలరు? చాలా చేయగలరు. ఏ గుంటలో నీరు వేసవి అంతా నిలుస్తుందో మీకన్నా బాగా తెలిసినవారు లేరు. ఏ చేపల చెరువు పాడుబడి గండి పడి మురుగు కాలువలోకి తెరుచుకున్నదో మీకే తెలుసు. వూదారంగు పువ్వు కనిపించగానే కబురు చేయండి. పువ్వు గింజ కట్టి మన్నులో పడిందంటే ఏళ్ల తరబడి బతికివుంటుంది.

వానాకాలం మబ్బుల సంగతి అడుగుతారు. నిజమే, మబ్బు వుంటే యీ చిత్రాల్లో తెల్లదనం తప్ప యేమీ కనపడదు. సరిగ్గా డెక్క విపరీతంగా పెరిగే జూలై, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో మంచి చిత్రం దొరకటం అదృష్టం. దానికి రాడారు ఉపగ్రహాలు వున్నవి. మన దేశంవారు 2012లో రిశాట్-1ను, 2022లో యి.ఓ.యస్.-04ను పంపారు. రాడారు తన కిరణాలను తానే పంపి తిరిగి పట్టుకుంటుంది, మబ్బులు అడ్డంకాదు, చీకటి అడ్డంకాదు. నున్నటి నీరు వాటిని అవతలికి జార్చేస్తుంది గనుక నల్లగా కనిపిస్తుంది. నీటి మీద నిలబడిన ఆకులు తిరిగి కొడతవి గనుక తెల్లగా కనిపిస్తుంది. గాలికి అలలు లేచినప్పుడు ఉత్త నీరే తెల్లబడి మోసం చేస్తుంది, అది గుర్తుంచుకోవాలి. రాడారు బొమ్మ చదవటానికి అలవాటు కావాలి, చూడటానికి అంత బాగుండదు కూడా.

నా లెక్కలో వానాకాలపు చిత్రం కన్నా వేసవి చిత్రం విలువయినది. కాలువలు కట్టివేసిన రోజులు, ఏప్రిలు, మే నెలలు చూడండి. ఆకాశం నిర్మలం. చేలు ఎండి, పిల్ల కాలువలు ఎండి, చిత్రమంతా బూడిదరంగుగా వుంటుంది. ఆ బూడిదరంగులో నీటి ప్రక్కన ఎక్కడెక్కడ ఎర్ర చుక్క మిగిలివున్నదో, తల్లి మొక్క అక్కడ వుండవచ్చు. జూనులో నీరు వదలగానే అక్కడ నుంచే బయలుదేరుతుంది.

ఆ పెద్దాయన ప్రశ్నకు జవాబు నాకు అట్లా దొరికింది. మే నెల చిత్రంలో మా పదహారు కిలోమీటర్ల కాలువ పొడుగునా మూడే ఎర్ర మచ్చలు. మూడూ కలిపి 120 గడులు, అంటే మూడు యెకరాలు. ఆయన్నే తీసుకుని వెళ్లాము. ఒకటి గండి పడిన పాత చేపల చెరువు, గుర్రపు డెక్క. రెండవది రోడ్డుకు మట్టి తవ్విన గుంట, అందులోనూ డెక్కే. మూడవది జమ్ము, దానిలో నీటికోళ్లు గూళ్లు పెట్టుకున్నవి, దాని జోలికి పోలేదు. జూను మొదటి వారంలో మొదటి రెండింటినీ మనుషులతో తీయించాము. తీసినది గట్టు అంచున పోయలేదు, వానకు మళ్లీ నీళ్లలో జారుతుంది గనుక దూరంగా మోయించి పేడతో పొరలు వేసి ఎరువు గొయ్యిలో కప్పించాము. పట్నపు మురుగు పారే కాలువలోనిదయితే ఎరువుకు కూడా పనికిరాదు, పశువులకు అసలే వేయరాదు. ఆ నీటిలోని సీసం వంటి విషాలను యీ మొక్క వేళ్లతో పీల్చుకుంటుంది.

ఆ యేడు డెక్క పూర్తిగా పోయిందని చెబితే అబద్ధమవుతుంది. వంతెన దగ్గర కొంత చేరింది. కానీ ఖానాలు మూసుకుపోలేదు. నవంబరు వానకు నీరు లాగింది.

తీత పనులకు గుత్తలు యిచ్చేవారికి యింకొక ఉపయోగం వున్నది. పనికి ముందు చిత్రం, పని అయిన వారానికి చిత్రం, రెండు నెలలకు చిత్రం. యీ మూడూ పక్క పక్కన పెడితే యెంత తీశారో, యెంత మిగిల్చారో, యెంత తిరిగి వచ్చిందో గుమాస్తా రాసిన కొలతల పుస్తకంతో సరిపోల్చుకోవచ్చు. యెవరినీ అనుమానించమని కాదు. కొలత పుస్తకంలో వున్నదీ నీటి మీద వున్నదీ ఒకటే అయితే అందరికీ మంచిదే గదా.

కొద్దిమంది మిత్రులు, "డెక్కను తినే పురుగులున్నాయట, అవి వదిలితే యీ బాధ వుండదు గదా?" అని అడుగుతుంటారు. వున్నవి. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ముక్కుపురుగులను మన దేశంలో 1980లలో తెచ్చి పరీక్షించి వదిలారు, కొన్ని చెరువుల్లో బాగా పనిచేసినవి. ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సులో 1998 నాటికి వేలాది హెక్టార్లు కప్పివేసిన డెక్క ఆ తరువాత చాలా తగ్గిపోయింది. ఉపగ్రహ చిత్రాల్లో ఆ తగ్గుదల స్పష్టంగా కనపడుతుంది. దానికి కారణం పురుగులే అని కొందరు, ఆ యేడు వచ్చిన వానలూ మబ్బులూ కూడా కారణమని కొందరు వాదిస్తారు. కొన్నేళ్లకు అక్కడ మళ్లీ పెరిగింది కూడా. పురుగు నిదానంగా తింటుంది, నవంబరు వాన మన కోసం ఆగదు. పురుగును వదిలినా వేసవి చిత్రం చూడటం మానరాదు.

కంప్యూటరు వున్న సహాయకులు సెంటినెల్ చిత్రాల వెబ్‌సైటులో మీ మండలం వెతికి, మేఘాలు లేని మే నెల తేదీ యెంచుకుని, మారు రంగుల చిత్రం తెరవండి. మీ మురుగు కాలువ వెంట ఎగువకు వెళ్లండి. ఎర్ర చుక్కలు కనపడ్డ చోటల్లా గుర్తు పెట్టుకుని, వూరి పెద్దలలో ఒకరిని వెంటబెట్టుకుని వెళ్లి చూడండి. మొదటిసారి రెండు రోజులు పడుతుంది, రెండవసారి ఒక పూట.

మేము తీయించిన ఆ రెండు గుంటలను నేను యిప్పటికీ ప్రతి వేసవిలో చూస్తూనే వున్నాను. కిందటి మే నెలలో రోడ్డు పక్క గుంటలో నాలుగు గడులు ఎర్రబడినవి, పది సెంట్లు. మన్నులో వున్న పాత గింజ అయివుంటుంది. పెద్దాయనకు ఫోను చేశాను. "చూశానండి, నిన్ననే మావాళ్లు యిద్దరు దిగారు, సాయంత్రానికి అయిపోతుంది," అన్నాడు. ఆయనకు ఉపగ్రహం లేదు. రోజూ ఆ దారినే పొలం వెళ్లి వస్తాడు.